ఎర్రవి ఇటు, తాలు అటు

ఆ ఫొటో వద్దని నేను ముందే చెప్పాను. ఒకసారి కాదు. ఫోన్లో చెప్పాను, వాయిస్ మెసేజి పెట్టాను, పెద్దకర్మ రోజు పొద్దున్నే షామియానా కింద నిలబడి, వచ్చినవాళ్లంతా వింటుండగా గొంతు పెంచి మరీ చెప్పాను. వినలేదు. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ మీద మా అత్త మిరపకాయల కుప్ప ముందు కూర్చుని నవ్వుతోంది. కింద ఎర్ర అక్షరాల్లో "అలుపెరగని శ్రమజీవి" అని వేశారు. ఇప్పుడు మీ పూర్వవిద్యార్థుల సంచిక అట్టకి కూడా అదే ఫొటో పంపారట. అందుకని వ్యాసం అక్కడినుంచే మొదలుపెడుతున్నాను. ఏమీ అనుకోకండి. అనుకున్నా పర్వాలేదు.

అది ఎవరో ముచ్చటపడి తీసిన ఫొటో కాదు. నేను తీసిన వీడియోలోంచి కత్తిరించిన ముక్క. అత్తకి ఏదో అవుతోందని డాక్టరుకి చూపించడానికి, ఇంట్లో ఎవరూ నా మాట నమ్మడంలేదు కాబట్టి సాక్ష్యంగా పనికొస్తుందని తీసిన వీడియో అది.

శేషారత్నం టీచరు పోయారన్న సంగతి మీలో చాలామందికి ఏదో ఒక గ్రూపులోనే తెలిసి ఉంటుంది. నాకూ అంతే. ఆషాఢంలో ఒక మంగళవారం, ఆఫీసు మీటింగులో ఉండగా మా కుటుంబం గ్రూపులో మావయ్య ఒకే ఒక్క వాక్యం పెట్టారు. "మీ అత్త వెళ్లిపోయింది." చదివాను. చదివిన మరుక్షణం నా బొటనవేలు దానంతటదే పైకి జరిపి, అంతకుముందు ఎవరో పెట్టిన పుట్టినరోజు కేకు ఫొటో దగ్గర ఆగింది. మళ్లీ కిందికి జరపాలంటే భయమేసింది. జరిపితే ఆ వాక్యం ఉంటుంది. చాలాసేపు ఆ కేకునే చూస్తూ కూర్చున్నాను.

మేనకోడలివి, రెండు మాటలు రాయమన్నారు. నేను హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని, కోపమొస్తే తప్ప నాకు మాటలు రావు. ఇప్పుడు కోపం ఉంది గానీ దానికంటే భయం ఎక్కువగా ఉంది. ఆ భయం ఎందుకో చెప్పాలంటే ముందు అత్త ఎలాంటిదో చెప్పాలి. అది మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా చెబుతాను.

మా నాన్నకి అక్క. పర్చూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పింది. మెదడు పాఠం వచ్చిన వారం ఆమె టిఫిను క్యారేజీ ముట్టుకోవడానికి స్టాఫ్ రూములో అందరూ జంకేవారట. కింది గిన్నెలో పెరుగన్నం, పై గిన్నెలో మాంసం కొట్టునుంచి తెచ్చిన మేక మెదడు. ఒక ఏడు ఆ పాఠం సరిగ్గా కార్తీకమాసంలో పడింది. హెడ్మాస్టరుగారు ముక్కు మూసుకుని, ఈ మాసంలో ఇదేంటమ్మా అంటే, మాసం మారినా మెదడు మారదు కదండీ అందట. దాన్ని బల్లమీద పెట్టి, "మీ భక్తి, మీ బద్ధకం, మీ ప్రేమలు, మీ రౌడీతనం అన్నీ ఇలాంటి దాంట్లోంచే వస్తాయిరా. మీరేమో దీన్ని వేపుడు చేసుకుంటారు" అనేదట. ఈ మాట నాతో ఎంతమంది చెప్పారో లెక్కలేదు. ఆ రోజునుంచి ఇంట్లో తలకాయ కూర మానేసినవాళ్లు కూడా మీలో ఉన్నారు.

నాగమణి సంగతి కూడా మీకు తెలుసు. తొమ్మిదో తరగతిలో ఎప్పుడూ బెంచీ మీద తల వాల్చి నిద్రపోయే పిల్ల. లెక్కల మాస్టారు బెత్తం విరిగేలా కొట్టారు, వాళ్లమ్మ దిష్టి తీయించింది, క్లాసంతా "పడుకున్న నాగమణి" అని పేరు పెట్టింది. అత్త ఒక్కతే ఆ పిల్ల మెడ వైపు చూసింది, ఊడిపోతున్న జుట్టు చూసింది, చీరాల తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్. మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకి ఆ పిల్ల ఖోఖోలో పరిగెత్తిందట. "బద్ధకం అనే జబ్బు నాకు తెలీదు, ముందు రక్తం చూడండి, తర్వాత తిట్టండి" అనేది అత్త. ఆ నాగమణే ఇప్పుడు భర్తతో కలిసి ఫ్లెక్సీలు వేసే కొట్టు నడుపుతోంది. నా వీడియో మావయ్య దగ్గర తీసుకుని ఆ ఫొటో కత్తిరించింది కూడా ఆమే.

ఇక నా సంగతి. పదేళ్లప్పుడు సెలవులకి వెళ్లి, మావయ్య వార్తలకోసం చానల్ మార్చారని రిమోట్ తీసి గోడకేసి కొట్టాను. మా అమ్మయితే చెంప పగలగొట్టేది. అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది. తన చేతి గడియారం చూసుకుంటూ పెదాలు కదుపుతూ నాడి లెక్కపెట్టింది. "నూట పద్దెనిమిది" అంది. "ఇది నువ్వు కాదమ్మడూ, అడ్రినలిన్. నీ మూత్రపిండాల నెత్తిన కూర్చునే రెండు గ్రంథులు చేస్తున్న గోల. అది దిగిపోయేదాకా ఏమీ మాట్లాడకు. దిగాక నువ్వొస్తావు, అప్పుడు మాట్లాడుకుందాం." ఆ తర్వాత నేను ఎవరిమీద ఎగిరిపడ్డా, ఎన్ని ఫోన్లు పగలగొట్టినా లోపల నాకొక ధైర్యం ఉండేది. అరిచింది నేను కాదు, అసలు నేను వెనకాల ఎక్కడో మంచిగా కూర్చుని ఉన్నాను అని. ఆ ఒక్క మాట పట్టుకుని నేను పెద్దదాన్నయ్యాను.

రిటైరయ్యాక అత్తకి కుడిచెయ్యి వణకడం మొదలైంది. అంతకు కొన్నేళ్ల ముందునుంచే పొయ్యిమీద పాలు మాడినా ఆమెకి వాసన తెలిసేది కాదని, దాన్ని పరధ్యానం అనుకున్నామని మావయ్య తర్వాత చెప్పారు. గుంటూరు డాక్టరు పార్కిన్సన్స్ అన్నారు. మెదడులో డోపమైన్ అనే పదార్థం తయారుచేసే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. నడక చిన్నదైంది, గొంతు సన్నబడింది. అన్నిటికంటే ముఖం బిగుసుకుపోయింది. అసలే ఆమె నవ్వు పొదుపుగా వాడే మనిషి. అది కూడా పోయింది. మాత్ర ఇచ్చారు, కొంత నయమైంది. రెండేళ్లకి దానికి తోడు రెండో మాత్ర ఇచ్చారు. ఆ రెండో మాత్రతో అత్త తిరిగొచ్చింది. మావయ్య వీడియో కాల్ చేసి చూపిస్తే వసారాలో గబగబా నడుస్తోంది, నన్ను చూసి నవ్వింది. మేమందరం ఏడ్చాం.

ఈ ఏడాది సంక్రాంతి దాటాక మిరపకాయ కోతకొచ్చింది. కోసిన కాయ కల్లంలో ఆరబోసి, ఎండాక ఎర్ర కాయల్లోంచి రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయల్ని వేరు చేస్తారు. కూలీలు చేసే పని. అత్త వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంది. ఎర్రవి ఇటు, తాలు అటు. మొదట గంటసేపు, తర్వాత పూటంతా, ఆ తర్వాత పొద్దుగూకేదాకా. ఊరంతా ఒకటే పొగడ్త. జబ్బు మనిషయితే ఇంత కాయ ఏరుద్దా అని. పక్కింటివాళ్లు తమ కాయ కూడా తెచ్చి ఆమె ముందు పోశారు. వేరే ఊళ్లో, వేరే పనిలో ఉండి ఉంటే ఎవరైనా పట్టుకునేవాళ్లేమో. రోజంతా గుండీలు ఏరుకుంటూ కూర్చుందంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తరా? మన దగ్గర మిరపకాయలు ఏరే ఆడమనిషిని చూసి ఎవరికి అనుమానమొస్తుంది?

మార్చిలో ఇంటినుంచి పని ఉందని చెప్పి నేను అత్తావాళ్ల ఊరు వెళ్లాను. రెండో రోజు సాయంత్రం చూశాను. రోజంతా ఏరిన రెండు కుప్పల్నీ అత్త రెండు చేతులతో జాగ్రత్తగా దగ్గరికి లాగి కలిపేసింది. ఎర్ర కాయల్లోకి తాలు మొత్తం పోసి కలియబెట్టింది. మర్నాడు మళ్లీ అదే కుప్ప, మళ్లీ మొదటినుంచి. మావయ్యతో చెప్పాను.

"చూశాన్లేవే. ఏరుకుంటది, కలుపుకుంటది, మళ్లీ ఏరుకుంటది. దాని సరదా అది" అన్నారాయన. "నువ్వు ఆ ఫోను పొద్దస్తమానం పైకి తోసి, మళ్లీ పైకి తోసి చూసుకోవట్లా? నిన్నెవరన్నా ఆసుపత్రికి తీసుకెళ్లారా?"

అప్పుడు కోపమొచ్చింది గానీ ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

వీడియో తీయడం మొదలుపెట్టాను. అన్నానికి లేవదు. ఈ ఒక్క గుప్పెడు అంటుంది, ఆ గుప్పెడు అయ్యేసరికి మూడవుతుంది. గోళ్ల సందుల్లోకి కారం దిగి వేళ్లు వాచిపోయాయి, ఆముదం రాస్తే రాయించుకుంటుంది గానీ రెండో చెయ్యి ఆగదు. ఏప్రిల్ మొదట్లో ఒక మిట్టమధ్యాహ్నం ఎండలో పక్కకి ఒరిగి పడిపోయింది. నీళ్లు కొట్టి లేపితే ముందుగా వెతికింది కుప్ప కోసం. ఆ రోజు నేనూ ఆగలేకపోయాను. ఆమె ముందున్న పట్టా అంచులు పట్టుకుని కాయంతా మూట కట్టబోయాను.

గుప్పెడు మిరపకాయలు నా మొహాన కొట్టింది. జీవితంలో ఎవరిమీదా చెయ్యెత్తని మనిషి. కుళాయి కింద తల పెట్టుకుని, కళ్లు తెరవలేక, ముక్కు, గొంతు మండిపోతుంటే నేను అరుస్తూనే ఉన్నాను. ఆ అరుపుల మధ్యలో నాకొక చప్పుడు వినబడింది. ఎండు కాయలు గలగలమనే చప్పుడు. అత్త మళ్లీ ఏరుతోంది. నావైపు చూడను కూడా లేదు. కళ్లు కడుక్కున్నాక చూస్తే ఆమె మొహంలో నవ్వు. ఫ్లెక్సీ మీద మీరు చూసిన నవ్వు సరిగ్గా అదే. నేను అప్పుడు కూడా ఫోన్ తీశాను.

ఆ వీడియో చూసిన డాక్టరు ఆశ్చర్యపోలేదు, అది ఇంకా భయపెట్టింది. రెండో మాత్ర వల్ల కొందరిలో ఇలా జరుగుతుందట. ఒకే పనిమీద ఆపుకోలేని మోజు పుడుతుందట, అందులో ఆనందం కూడా ఉంటుందట. ఒక్కసారిగా ఆపకూడదు, మీ అంతట మీరు అసలు ఆపకూడదు, మెల్లగా తగ్గిద్దాం అన్నారు. తగ్గించేటప్పుడు దిగులు, భయం రావచ్చు, మరీ తట్టుకోలేకపోతే ఫోన్ చేయండి, కొంచెం మోతాదు మళ్లీ ఇచ్చి చూద్దాం అని నంబరిచ్చారు. నా ఫోన్లో ఎక్కించుకున్నాను.

మే నెలాఖరుకి మాత్ర పూర్తిగా ఆగింది. ఏరడం కూడా ఆగింది. ఊళ్లోవాళ్లు పాపం మళ్లీ మంచాన పడిందే అన్నారు. మావయ్య నాతో మాట్లాడటం తగ్గించారు. అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చునేది. మొహం మళ్లీ గోడలా బిగిసింది. గేటు చప్పుడైతే ఉలిక్కిపడేది. ఎవరో వస్తున్నారంటే, ఎవరూ రావట్లేదంటే, రెంటికీ భయపడేది. దేనికి భయమత్తా అంటే, దేనికో తెలిస్తే భయమెందుకే అంది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోమంది. గొంతు వినబడటానికి వంగాల్సి వచ్చింది.

"ఆ మాత్ర ఇప్పించవే. సగం ఇప్పించు చాలు."

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. నాడి చాలా వేగంగా కొట్టుకుంటోంది.

"అడుగుతున్నది నువ్వు కాదత్తా. ఆ మాత్ర" అన్నాను.

ఆ మొహంలో కోపమో దుఃఖమో కనిపించే దారి లేదు. తర్వాత మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది.

"నీకు చిన్నప్పుడు తప్పు చెప్పానమ్మడూ. ఆ రోజు రిమోట్ పగలగొట్టింది నువ్వే. నాడి నూట పద్దెనిమిది కొట్టినా నువ్వు నువ్వే. వెనకాల ఇంకో నువ్వు ఎవరూ లేరు. ఇప్పుడు నా లోపల కూడా ఎవరూ లేరే. భయపడుతున్నదీ నేనే, ఏరుకున్నదీ నేనే, అడుగుతున్నదీ నేనే."

మళ్లీ తనే, "వద్దంటున్నదెవరు? నువ్వా, నీ అడ్రినలినా?" అంది. అది వెటకారమో నిజంగా అడిగిందో చెప్పడానికి ఆ మొహంలో ఆధారం లేదు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. నంబరు అందులోనే ఉంది. నేను చేయలేదు. మళ్లీ ఆ కల్లం, ఆ ఎండ, నా కళ్లలో ఆ మంట గుర్తొచ్చాయి. రేపు చేద్దాంలే అనుకున్నాను. మర్నాడు హైదరాబాదు వెళ్లిపోయాను. ఆ తర్వాత అత్త మళ్లీ అడగలేదని మావయ్య అన్నారు. అయిదు వారాలకి అన్నం మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరమొచ్చింది, మూడు రోజులే. ఈ జబ్బులో మింగడం దెబ్బతింటుంది, దానికీ మాత్ర ఆపడానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పారు. నేను కూడా నాకు అదే చెప్పుకుంటున్నాను. అయితే నేను అడిగేది చావు గురించి కాదు. ఆ అయిదు వారాల గురించి.

పెద్దకర్మ రోజు నేను నాగమణి మీద అరిచాను. అది జబ్బు, నువ్వు మా అత్త జబ్బుని ఎనిమిదడుగులు చేసి నిలబెట్టావు, ఆ నవ్వు ఆమెది కాదు, మాత్రది అన్నాను. ఆమె తిరిగి అరవలేదు. పూలదండ సర్దుతూనే అంది.

"నేను రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటా చెల్లీ. టీచరుగారు మొదలుపెట్టించిందే. మానేశాననుకో, కొన్నాళ్లకి మళ్లీ బెంచీ మీద పడుకునే ఆ పిల్లనే అయిపోతా. మరి ఏ నాగమణి అసలుది? ఇప్పుడు నీతో మాట్లాడేది నేనా, మాత్రా?"

ఇది వేరు, అది వేరు అన్నాను. నీ మాత్ర లోటు పూడుస్తుంది, ఆ మాత్ర హద్దు దాటించింది అన్నాను. సరేనమ్మా, టీచరుగారు నవ్విన ఫొటో ఇంకోటి ఇవ్వు, ఇప్పుడే మార్పిస్తా అంది. నేను ఫోన్ తీశాను. పదకొండేళ్ల ఫొటోలు. పెళ్లిళ్లు, రిటైర్మెంటు సన్మానం, గృహప్రవేశాలు. అన్నిట్లోనూ అత్త బడి గ్రూపు ఫొటోలో నిలబడ్డట్టే బిర్రుగా ఉంది. జనం నా వెనకాల భోజనాలకి లేచి వెళ్తున్నారు, నేను ఇంకా వెతుకుతున్నాను. ఒక్కటి కూడా దొరకలేదు.

అప్పుడు నా బొటనవేలు వైపు చూశాను. ఇది ఇటు, అది అటు. మొత్తం అయ్యాక మళ్లీ మొదటినుంచి.

ఆ సాయంత్రం వాకిట్లో ఉంటే మాడు వాసనొచ్చింది. వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యిమీద పాలగిన్నె అడుగంటి నల్లబడింది. దాని పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మా నాన్న నిలబడి మంచినీళ్లు తాగుతున్నారు. పొయ్యి కట్టేసి, వాసన రాలేదా నాన్నా అన్నాను. "ఏం వాసనమ్మా?" అన్నారు. అలసిపోయి ఉంటారు, పడిశం పట్టి ఉంటుంది. అందరికీ అయ్యేదే. ఆయన చెయ్యి వణకడం లేదు. నేను రోజూ వీడియో కాల్ చేసి చూస్తున్నాను, గ్లాసు పట్టుకోమని ఏదో వంక పెట్టి అడుగుతున్నాను. డాక్టరు దగ్గరికి మాత్రం ఇంకా తీసుకెళ్లలేదు. డాక్టరు నంబరు ఫోన్లోనే ఉంది.

రేపు ఆయనకీ ఆ రెండో మాత్ర ఇస్తే, ఆయన కూడా దేన్నో పట్టుకుని నవ్వుతూ కూర్చుంటే, ఆపేశాక నా చెయ్యి పట్టుకుని సగం మాత్ర అడిగితే నేనేం చేయాలి? అడగడానికి అత్త లేదు. నాకు కోపమొచ్చినప్పుడు నాడి చూసేవాళ్లు లేరు. చూసినా, ఇది నువ్వు కాదని చెప్పి ఓదార్చే మాట కూడా ఆమె వెళ్తూ వెళ్తూ వెనక్కి తీసేసుకుంది. ఇక నేను చేసిందంతా నేనే చేశాను. ఆ ఫోను చేయకపోవడం కూడా.

నా లెక్కలో తప్పు ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది. మాత్ర వేస్తే వచ్చిన నవ్వు మాత్రదన్నాను. మాత్ర తీసేస్తే వచ్చిన భయాన్ని మాత్రం అసలు అత్త అన్నాను. ఎర్రవి ఒకవైపు, తాలు ఒకవైపు వేసి, తాలు కుప్పనే ఆమెకి మిగిల్చాను.

అట్టమీద ఆ ఫొటోనే ఉండనివ్వండి. తీయమని ఇక అడగను. మీరందరూ ఆమె దగ్గర మెదడు పాఠం విన్నవాళ్లు, టిఫిను క్యారేజీ పై గిన్నెలోకి తొంగి చూసినవాళ్లు. ఆ ఫొటోని ఒక్క నిమిషం ఎదురుగా పెట్టుకుని చూడండి. చూశాక, ఆ నవ్వు శేషారత్నం టీచరుది కాదని మీలో ఒక్కరైనా చెప్పగలరా?